లంబసింగి దారిని ఎవరు వేశారు?

మార్గశిరం ప్రవేశించిందంటే చాలు, మోటారుసైకిలు యాత్రాకథనాలు కొండమంచు కన్నా దట్టంగా కమ్ముకుంటాయి. అర్ధరాత్రి దాటాక విశాఖలో బయలుదేరడం, నర్సీపట్నంలో టీ, ఘాటు మొదలైన చోట చేతితొడుగులు బిగించుకోవడం, లంబసింగిలో మంచు, మంచులో బండి, బండి పక్కన కథానాయకుడు. చివర తప్పనిసరిగా "భూతల స్వర్గం" అనే మాట. రాసినవారి పేరూ బండి రకమూ తీసేస్తే ఒక కథనానికీ మరొకదానికీ తేడా కనిపెట్టగల పాఠకుడు లేడు. వీడియోల కాలం వచ్చాక ఆ కాస్త రాతా పోయింది. శిరస్త్రాణానికి తగిలించిన కెమెరా, వెనుక ఎవరిదో పాట, మూడు మలుపులకొకసారి ఒక కేక.

బండి మీద నాకు ద్వేషం లేదని ముందే మనవి చేస్తున్నాను. నాకూ ఒక పాత బండి ఉంది. అనంతగిరి, మారేడుమిల్లి, భీమిలి దారులు దాని మీద తిరిగాను, ఇంకా తిరుగుతాను. ఎత్తు మలుపు దగ్గర రెండో గేరులోకి దిగి, కాఫీ తోటల మీదుగా వచ్చే తడివాసన పీల్చడంలో ఉన్న సుఖం కారు అద్దాల వెనుక కూర్చున్నవాడికి దక్కేది కాదు. కనుక "నీకేం తెలుసు" అనే వ్యాఖ్య రాయబోయేవారు ఆ శ్రమ మానుకోవచ్చు. నా అభియోగం ఒక్కటే: ఈ కథనాలన్నిటిలో మలుపులు ఉంటాయి, లోయలు ఉంటాయి, మైలేజీ లెక్కలు ఉంటాయి, దారి మాత్రం ఉండదు. ఆ దారిని కొట్టిన చెయ్యి కనబడదు. ఆ దారిన రోజూ నడిచే మనిషి కనబడితే, ఛాయాచిత్రంలో ఒక మూలన, గొంగడి కప్పుకుని, పేరు లేకుండా కనబడతాడు.

లంబసింగి దారినే తీసుకుందాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు సాగే ఆ ఘాటు ఎవరి విహారం కోసమూ పుట్టలేదు. ఏజెన్సీలోకి పోలీసులూ అధికారులూ ఎక్కడానికీ, అడవి సరుకు దిగడానికీ తెల్లదొరల ప్రభుత్వానికి దారి కావలసివచ్చింది. 1920ల ఆరంభంలో ఆ పని నడిపించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండవారిని పనికి తోలుకురావడం, చేసిన పనికి న్యాయమైన కూలి ఇవ్వకపోవడం, నోరెత్తినవారిని హింసించడం అతని పద్ధతి. అంతకు ముందే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకూ వంటచెరుకుకూ పశువుల మేతకూ అడ్డం పడి ఉంది. తన అడవిలోకి తాను పోతే నేరం. తన అడవిని చీల్చే దారికి రాళ్లు మోస్తే వెట్టి. ఈ రెంటి మధ్య నలిగిన మనుషుల దగ్గరికి ఒక యువకుడు వచ్చి కూర్చున్నాడు. అతని పేరు అల్లూరి సీతారామరాజు. గాం గంటందొర, గాం మల్లుదొర వంటివారు అతనితో కలవడానికి గల కారణాల్లో బాస్టియన్ దాష్టీకం చిన్నది కాదు.

తరువాతి కథ మనవాళ్లందరికీ సినిమాగా తెలుసు, దారి కథగా తెలియదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల ఆయుధాలు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాయి. చింతపల్లి అంటే మన యాత్రికులు పెట్రోలు ఎక్కడ దొరుకుతుందా అని వెదుక్కునే ఊరు. వేసినవారి కష్టం వేయించినవారికి ఎదురు తిరిగి, ఆ దారి కొసనున్న ఠాణా గుమ్మం దాకా నడిచివచ్చిందన్నమాట. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో కవర్డు, హైటరు అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు హతులయ్యారు. ముందు నడిచిన దేశీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చే దొరలను గురిచూసి కొట్టారు. కొండదారిలో మలుపు అంటే ఏమిటో తెలిసినవాళ్లు వేసిన పథకం అది. ముందున్నవాడు వెనుకవాడికి కనబడడు, వెనుకవాడి కేక ముందువాడికి వినబడదు. ఈ రోజు అటువంటి మలుపుల దగ్గర బండిని ఏ కోణంలో వాల్చాలో చెప్పే పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. ఆ మలుపులో పొంచి కూర్చున్నవాడి గురించి ఒక్క వాక్యం ఉండదు.

"మేము పోయేది ప్రకృతి కోసం, చరిత్ర పాఠం కోసం కాదు" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. సరే, ప్రకృతి మాటే మాట్లాడుకుందాం. లంబసింగికి యాత్రికులూ పత్రికలవారూ కలిసి "ఆంధ్రా కాశ్మీరు" అని పేరు పెట్టారు. ఆ ఊరికి స్థానికులు పిలుచుకునే పేరు మరొకటి ఉంది: కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, కొయ్యబారిపోతాడని దాని అర్థం చెబుతారు. ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఎక్కడో ఉన్న మరో ప్రసిద్ధ స్థలాన్ని అరువు తెచ్చి దీని నెత్తిన పెట్టింది. రెండోదానిలో ఇక్కడి చలి ఉంది, ఆ చలికి జడిసిన ఒళ్లు ఉంది, బయట పడుకోవద్దన్న హెచ్చరిక ఉంది. ఏది ప్రకృతిని దగ్గరగా చూసిన పేరు? మూడువేల అడుగులకు పైబడిన ఎత్తున, శీతకాలంలో గడ్డకట్టే స్థితికి చేరువయ్యే చలిలో, మనం నాలుగు దుస్తులు ఒకదాని మీద ఒకటి వేసుకుని రెండు గంటలు నిలబడి వస్తాం. అక్కడివారు పుట్టింది మొదలు అందులోనే ఉంటారు. చలి వర్ణన కావాలంటే వారిని అడగాలి. అడిగిన కథనం నేను ఇంతవరకు చదవలేదు.

తెలుగువాడికి దారిని చూడడం రాదని కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసులో బయలుదేరి 1831లో తిరిగివచ్చేదాకా కాశీయాత్ర చరిత్ర రాసుకుంటూ పోయాడు. ఎక్కడ ఇసుక దారి, ఎక్కడ రేగడి, ఏ ఏరు దాటడం కష్టం, ఏ మజిలీలో బస దొరుకుతుంది, ఏ ఊళ్లో ఏ వస్తువులు దొరుకుతాయి, అక్కడి జనం తీరు ఏమిటి, అన్నీ రాశాడు. ఆయన కూర్చున్నది పల్లకీలో, మోసినవారు బోయీలు. ఆ విషయమూ దాచలేదు. ఆయన అభిప్రాయాలన్నిటితో ఏకీభవించనక్కరలేదు, నాకు కొన్ని మింగుడుపడవు కూడా. అయినా ఆ పుస్తకం చదివినవాడు దారి వెంట నడిచినట్టు ఉంటుంది. పల్లకీలో కూర్చున్నవాడికి కనబడినన్ని సంగతులు, రెండు కాళ్లూ నేలకు ఆనించగల మోటారుసైకిలు వాడికి కనబడకపోవడం ఏమిటన్నది నా బాధ.

పల్లకీ మాట వచ్చింది కనుక డోలీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ మధ్య మన రౌతులకు "ఆఫ్‌రోడు" అనే వ్యామోహం పట్టుకుంది. తారు రోడ్డు చప్పగా ఉందట. రాళ్లూ బురదా వాగులూ ఉన్న బాట దొరికితే పండగ. ఆ బాట కోసం ప్రత్యేకమైన టైర్లూ స్ప్రింగులూ ఉన్న బండి, దానికి లక్షల్లో ధర. ఆ బాట కొసన ఒక గూడెం ఉంటుంది. అక్కడ పురిటినొప్పులు వచ్చిన ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి, డోలీలో, ఇద్దరు మనుషుల భుజాల మీద, అంబులెన్సు ఆగగల చోటు దాకా మోసుకుపోతారు. పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల నుంచి ఈ వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. దినపత్రికల జిల్లా పేజీ చదివేవారికి కొత్త సంగతి కాదు. ఒకరు ప్రాణం అరచేత పట్టుకుని దాటే రాళ్లను మరొకరు సరదాకు దాటుతున్నారు. ఇది నేరమని నేననను. ఆ రెండో మనిషి అక్కడి నుంచి తిరిగివచ్చి "రోడ్డు పడకుండా ఉంటే బాగుండును, అందం పోతుంది" అని రాస్తాడే, అక్కడ నాకు కోపం వస్తుంది. 2025 ఏప్రిలులో అడవితల్లి బాట పేరుతో గిరిజన గూడేలకు రోడ్లు వేసే కార్యక్రమం మొదలైనప్పుడు కూడా ఈ విలాపం విన్నాను. గూడేనికి రోడ్డు కావాలో వద్దో చెప్పవలసినవాడు డోలీ మోసినవాడు. మనకు అందులో ఓటు లేదు.

ఇక గుడారాల సంగతి. లంబసింగిలో, వంజంగి మేఘాల కొండ దగ్గర, అరకులో రాత్రికి గుడారం అద్దెకు దొరకడం, నెగడు, పాటలు, తెల్లారి మేఘాలు. బాగానే ఉంది. ఆ గుడారం వేసిన నేల ఎవరిదని అడిగిన రౌతు ఎవరైనా ఉన్నారా? షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959 నాటి నిబంధన, 1970 సవరణతో కలిపి జనం నోట 1/70 చట్టంగా స్థిరపడింది. ఆ స్ఫూర్తినే 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు గట్టిపరిచింది. చట్టం ఉన్నంత మాత్రాన బినామీలు ఉండరని ఏజెన్సీ గురించి కాస్త తెలిసినవారెవరూ అనుకోరు. గుడారం అద్దె ఆ నేల గల కుటుంబానికి పోతోందా, మైదానం నుంచి వచ్చి పెత్తనం చేసే వేరొకరి జేబులోకి పోతోందా అన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది. టీ తాగుతూ అడగవచ్చు. బండికి ఏ నూనె పోశారో మూడు పేరాలు రాసే ఓపిక ఉన్నవారికి ఈ ఒక్క వాక్యానికి తీరిక దొరకదా?

అరకు వలిసెపూల తగాదా కూడా ఇటువంటిదే. శీతకాలం మొదట్లో లోయ అంతా పసుపు పరిచినట్టు వలిసె పూస్తుంది. మనవాళ్లు బండి ఆపి చేలోకి దిగి ఫొటోలు తీసుకుంటారు. రైతు వచ్చి మనిషికి పదో ఇరవయ్యో అడుగుతాడు. అంతే, "అమాయక గిరిజనులు కూడా డబ్బు మనుషులైపోయారు" అని కథనంలో ఒక నిట్టూర్పు. అయ్యా, అది పూలతోట కాదు, నూనెగింజల పంట. మీరు తొక్కిన మొక్క గింజ కట్టదు. మీ పెరట్లో కొత్తిమీర మడిని ఎవరైనా ఫొటో కోసం తొక్కితే మీరు పది రూపాయలతో ఊరుకుంటారా? అమాయకత్వం అనే గుణాన్ని ఎదుటివాడి నుంచి ఉచితంగా ఆశించడం మన చదువుకున్నవారికి పట్టిన పాత జబ్బు.

ఇదంతా కొండలకే పరిమితం అనుకోకండి. కొండ దిగి తీరానికి వస్తే అదే చూపు మనకన్నా ముందే అక్కడికి చేరి ఉంటుంది. కాకినాడ నుంచి ఉప్పాడ పోయే సముద్రపు దారి ఉంది. ఒక పక్క అలలు, మరో పక్క ఊళ్లు, నిజంగానే చూడముచ్చటైన దారి. ఆ దారిని సముద్రం ఏళ్ల తరబడి కోసుకుంటూ వస్తోంది. రాళ్లు పోస్తారు, రోడ్డు మళ్లీ వేస్తారు, తుపాను వస్తుంది, మళ్లీ తెగుతుంది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకూ దెబ్బతింది. రోడ్డుతో పాటు మత్స్యకారుల ఇళ్లూ కడలిలో కలుస్తూ వస్తున్నాయి. ఒకప్పుడు తమ వీధి ఉన్న చోటును ఇప్పుడు వేలు పెట్టి నీళ్లలో చూపించేవారు ఆ ఊళ్లో ఉన్నారు. మన రౌతు మాత్రం అల ఎగిరి రోడ్డు మీద పడే క్షణం కోసం కాచుకుని, ఆ తుంపరలోంచి బండి దూసుకుపోతుండగా వీడియో తీయించుకుంటాడు. పక్కనే ఇసుకలో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లను దాటేటప్పుడు ముక్కు మూసుకుంటాడు. ఆ వాసన వారికి నెల బత్తెం.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మరో ఉదాహరణ. వేల ఏళ్లపాటు గాలీ సముద్రమూ వానా కలిసి పేర్చి కోసిన ఇసుక అది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. అడుగు గట్టిగా వేస్తే అంచు రాలుతుంది. అక్కడికి బండెక్కించి చక్రాలతో దుమ్ము లేపడం ఒక ఘనకార్యంగా చెప్పుకునేవారితో వాదించడానికి నాకు మాటలు లేవు. తీరపు ఇసుకలో బండి దింపడమూ అంతే. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట తీక్షణమైన దీపాలు వాటి పిల్లలకు సముద్రం ఎటో తెలియకుండా చేస్తాయి. పగలు రోడ్డు మీద మీకు దొరకని ఆనందం రాత్రి తాబేలు గూటి మీద ఏం దొరుకుతుంది?

ఇంత చదివాక, "అయితే బళ్లు నిషేధించమంటావా" అని అడిగేవారు ఉంటారు. ఆ కోరిక కోరే పెద్దమనుషులు వేరే ఉన్నారు, వారితోనూ నాకు పడదు. కుర్రకారు పోగై ఘాటు పాడుచేస్తున్నారనీ, కార్లకూ టూరిస్టు బస్సులకూ మాత్రమే దారి ఇవ్వాలనీ వారు అంటారు. అద్దాలు బిగించుకుని, చలవయంత్రం వేసుకుని, కిటికీలోంచి చిప్సు పొట్లం విసిరే కుటుంబం ఏ విధంగా ఉత్తమమో నాకు అర్థం కాదు. దారిని చదవడానికి మోటారుసైకిలు కన్నా మంచి వాహనం లేదు, కాలినడకనూ సైకిలునూ మినహాయిస్తే. ఎక్కడపడితే అక్కడ ఆగవచ్చు. ఎదురుపడినవాడి కళ్లలోకి చూసి "ఏ ఊరు బాబూ" అని అడగవచ్చు. రోడ్డు అంచున ఆరబోసిన చోళ్ల మీదుగా పోకుండా పక్కకు తప్పుకోవచ్చు. సంతకు బుట్టలు మోసుకుపోయే మనుషుల వెనుక, హారను కొట్టకుండా, వారి నడకతో సమానంగా పోవచ్చు. కారువాడికి వీటిలో సగం వీలుపడవు. ఇన్ని వీలున్న వాహనాన్ని చేతిలో పెట్టుకుని, దాన్ని కేవలం వేగం కొలిచే సాధనంగా మార్చినందుకే నా దెబ్బలాట.

చప్పుడు గురించి ఒక మాట. పొగగొట్టం మార్పించి, కొండ ప్రతిధ్వనించేలా మోగించడం ఈ యాత్రల్లో ఒక అలంకారమైంది. తుపాకీ చప్పుడు విని తలుపులు వేసుకున్న తరాల వారసులు ఆ గూడేల్లో ఉన్నారన్న సంగతి అటుంచండి. ఘాటురోడ్డు మీద చెవి కూడా కన్నే. ఎదుటి మలుపులో పల్లెవెలుగు బస్సు వస్తోందని మొదట తెలిసేది దాని ఇంజను మూలుగు వల్లే. మీ గొట్టం మోతలో ఆ మూలుగు మునిగిపోతే, బస్సు మొహం కనబడేసరికి మీరు దాని కింద ఉంటారు. ఎక్కే బండికి దారి ఇవ్వడం, ఎక్కిన గేరులోనే దిగడం, మలుపుకు ముందు ఒక్క హారను కొట్టి చెవి ఒగ్గడం, ఇవి ఆ బస్సు డ్రైవర్లు దశాబ్దాలుగా పాటిస్తున్న మర్యాదలు. ఆ దారుల మీద అసలైన నిపుణులు వారే. వారిలో ఒక్కరితో మాట్లాడి రాసిన టపా వస్తే పది వీడియోలు వదిలేసి చదువుతాను.

రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారిని విస్తరిస్తున్నారు. మలుపులు విశాలమవుతాయి, ప్రయాణం తగ్గుతుంది, జనం పెరుగుతారు. అంబులెన్సు ముందుగా చేరుతుంది, గుడారాలు కూడా ముందుగా చేరతాయి. పాత ఘాటు రూపం మారిపోయేలోపు దాన్ని చూడాలని మీరు ఆశపడితే తప్పు లేదు, నేనూ ఆశపడుతున్నాను. ఈ శీతకాలం లంబసింగిలో మంచు చూసినవారు వచ్చిన దారినే విశాఖకు పరుగెత్తకుండా కృష్ణదేవిపేట వైపు దిగండి. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో కాల్చి చంపబడిన సీతారామరాజు సమాధి అక్కడ ఉంది. మేఘాలు ఉండవు, ఫొటో గొప్పగా రాదు. దారిలో ఎక్కడైనా టీ దుకాణం దగ్గర ఆగి, వయసు మళ్లినవారు కనబడితే, ఈ ఘాటుకు రాళ్లు మోసినవారి గురించి వారి ఇళ్లలో ఏమైనా చెప్పుకునేవారా అని అడిగి చూడండి. జవాబు దొరికినవారు, వారి మాటల్లోనే, వారికి సమ్మతమైతేనే, ఇక్కడ వ్యాఖ్యగా రాయండి. టపాలో చేరుస్తాను.